బట్టల దుకాణపాయన భూతద్దం

ఈ సంచికకు గతించిన గొప్పవాళ్ళలో ఒకరి జీవితం రాయమని మన క్లబ్ గ్రూపులో మెసేజ్ పడగానే కలాం, విశ్వేశ్వరయ్య, రామానుజన్ పది నిమిషాల్లో బుక్ అయిపోయారు. నేను ఆంటనీ వాన్ లీవెన్‌హుక్ అని పెట్టాను. స్కూల్లో సూక్ష్మజీవుల పాఠంలో ఒక బొమ్మ, ఒక వాక్యం ఉంటాయి చూడండి, బ్యాక్టీరియాను మొదట చూసినాయన అని, ఆయనే. కానీ నేను రాయాలనుకున్నది బ్యాక్టీరియా గురించి కాదు. మగవాళ్ళ వీర్యాన్ని సూక్ష్మదర్శినిలో పెట్టి, కనబడింది కనబడినట్టు రాసి ప్రపంచానికి చెప్పిన మొదటి మనిషి కూడా ఆయనే. ఆ ముక్క మన పాఠంలో లేదు. నాకు తెలిసింది మిర్యాలగూడలో ఒక ల్యాబు బయట బెంచీ మీద కూచుని ఫోన్లో వెతుకుతుంటే.

ఆ బెంచీ మీదికి ఎందుకు పోయానో చెప్పాలి. మాది దేవరకొండ దిక్కు ఊరు. మా పెద్దనాయిన కొడుకు, అంటే మా అన్నకు, పెళ్ళయి ఆరేండ్లు. పిల్లలు లేరు. ఈ ఆరేండ్లలో వదిన తిరగని దవాఖాన లేదు. థైరాయిడ్, స్కానింగులు, ట్యూబుల టెస్టు, మళ్ళీ స్కానింగులు. అమావాస్యకు చెర్వుగట్టు మీద నిద్ర చేసింది. జాన్‌పహాడ్ దర్గాలో మొక్కింది. రిపోర్టులన్నీ ఒక బట్టల షాపు కవర్లో పెట్టుకుంటుంది. ఆ కవరు మన ఫైనలియర్ ప్రాజెక్టు రికార్డు కన్నా లావు ఉంటుంది. అందులో అన్న పేరు మీద ఒక్క కాగితం లేదు. మొన్న దసరా సెలవులకు పోయినప్పుడు వదిన నన్ను పక్కకు పిలిచి, తమ్మీ, నువ్వన్నా మీ అన్నను ఒక్కసారి తోల్కపోరాదూ అని అడిగింది. అంతకు మించి ఏం అనలేదు. ఇద్దరికీ సిగ్గే.

ఇక ఆయన సంగతి.

లీవెన్‌హుక్ 1632 అక్టోబర్ 24న హాలెండ్‌లోని డెల్ఫ్ట్ పట్నంలో పుట్టాడు. తండ్రి బుట్టలల్లేవాడు, పిల్లవాడికి ఐదేండ్లప్పుడే పోయాడు. పదహారో ఏట ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక బట్టల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. యూనివర్సిటీ మొహం చూడలేదు. ఆ కాలంలో శాస్త్రం అంటే లాటిన్. ఆయనకు లాటిన్ రాదు, డచ్ తప్ప ఇంకో భాష రాదు. తెలుగు మీడియంలో చదివి ఫస్టియర్ క్లాసులో వెనక బెంచీకి పోయి కూచున్న మనలాంటివాళ్ళకు ఆ బాధ ఎట్లుంటదో తెలుసు.

1654లో డెల్ఫ్ట్‌కు తిరిగొచ్చి బార్బరా అనే ఆమెను పెళ్ళి చేసుకుని సొంతంగా బట్టల దుకాణం పెట్టాడు. ఆ వ్యాపారంలో భూతద్దం ఒక పనిముట్టు. పోచంపల్లి, పుట్టపాక వైపు మిత్రులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పడుగులో పోగులెన్ని, పేకలో ఎన్ని అన్నది చూసే బట్ట నాణ్యం తేలుస్తారు. ఆయన కన్ను అట్లా లెక్కపెట్టడానికి అలవాటు పడింది. ఆ అలవాటు చచ్చేదాకా పోలేదు, దేన్ని చూసినా ఎన్ని ఉన్నయ్, ఎంత సైజు అనేదే ఆయన మొదటి ప్రశ్న.

బార్బరాకు ఐదుగురు పిల్లలు పుట్టారు. నలుగురు పసితనంలోనే పోయారు, మరియా అనే ఒక్క బిడ్డ మిగిలింది. 1666లో బార్బరా కూడా చనిపోయింది. ఐదేండ్ల తర్వాత కొర్నీలియా అనే ఆమెను చేసుకున్నాడు. సంతానం గురించి ఆయన తర్వాత అంత పట్టుగా వెతికాడంటే ఈ నలుగురు పిల్లలు గుర్తుండే ఉంటారని నాకు అనిపిస్తుంది. ఆయన మాత్రం అట్లా ఎక్కడా చెప్పుకున్నట్టు నేను చదవలేదు, ఇది నా ఊహే.

మధ్యలో ఉద్యోగాలు కూడా చేశాడు. 1660లో టౌన్‌హాల్‌లో అధికారుల గదులు చూసుకునే కొలువు దొరికింది. 1669లో సర్వేయర్ అయ్యాడు, అంటే మన సివిల్ వాళ్ళ మనిషి. 1679లో పట్నంలోకి వచ్చే సారా పీపాలు కొలిచే అధికారి. చిత్రకారుడు వెర్మీర్ కూడా అదే ఊళ్ళో అదే నెలలో పుట్టినవాడు. ఆయన అప్పులు మిగిల్చి చనిపోతే ఆ ఆస్తి లెక్కలు తేల్చే పని 1676లో కోర్టు లీవెన్‌హుక్‌కే అప్పజెప్పింది.

ఆయన సూక్ష్మదర్శిని బొమ్మ చూస్తే నవ్వొస్తుంది. మన ల్యాబులో ఉండే రకం కాదు. అరచేతిలో పట్టేంత ఇత్తడి రేకులు రెండు, వాటి మధ్య ఆవగింజంత గాజు కటకం ఒకటి, అటుపక్క వస్తువును గుచ్చడానికి ఒక సూది, దాన్ని ముందుకీ వెనక్కీ జరపడానికి స్క్రూలు. కంటికి ఆనించుకుని వెలుతురు వైపు తిరిగి చూడాలి. అప్పటికి రెండు మూడు కటకాలు వరసగా పెట్టిన సూక్ష్మదర్శినులు వచ్చాయి, రాబర్ట్ హుక్ అట్లాంటిదాంతోనే 1665లో పెద్ద పుస్తకం వేశాడు. కానీ ఆ కాలపు గాజుతో కటకాలు పెరిగినకొద్దీ బొమ్మ చుట్టూ రంగులు, మసక కూడా పెరిగేవి. ఒకటే కటకం, అదీ బాగా చిన్నది, బాగా నున్నగా చేసింది అయితే ఆ బాధ తక్కువ. ఇవాళ మిగిలిన ఆయన కటకాల్లో మంచిది 266 రెట్లు పెద్దది చేసి చూపుతుంది. ఇట్లాంటివి జీవితంలో 500 పైగా చేశాడు. కొన్ని పద్ధతులు ఎవరికీ చెప్పలేదు. నాకు ఈ గుణం నచ్చదు. మన సీనియర్లు కొందరు ల్యాబు రికార్డు దాచిపెట్టినట్టే ఉంటుంది.

ఆయన్ను లండన్ రాయల్ సొసైటీకి పరిచయం చేసింది అదే ఊరి డాక్టర్ రెనియర్ డి గ్రాఫ్, 1673లో. డి గ్రాఫ్ మగవాళ్ళ, ఆడవాళ్ళ సంతాన అవయవాల మీద పుస్తకాలు రాసినవాడు, అండాశయంలో ఉండే సంచులకు ఇప్పటికీ ఆయన పేరే. ఆ సంవత్సరమే ముప్పై రెండేండ్లకు చనిపోయాడు. ఆ పరిచయంతో మొదలై లీవెన్‌హుక్ యాభై ఏండ్లు లండన్‌కు ఉత్తరాలు రాశాడు, అన్నీ డచ్‌లోనే. అక్కడివాళ్ళు తర్జుమా చేసుకుని అచ్చేసుకునేవాళ్ళు. 1676లో నీటిబొట్టులో కంటికి కనబడని జీవులున్నాయని రాస్తే వాళ్ళు నమ్మలేదు. ఊరి పెద్దమనుషులను పిలిచి, కటకంలో చూపించి, ఎనిమిది మంది చేత సాక్ష్యం రాయించి పంపాడు. చివరికి 1677లో హుక్ కూడా అవే జీవులను అందరి ముందు చూపించాకే నోళ్ళు మూతపడ్డాయి.

ఆ 1677లోనే అసలు సంగతి జరిగింది.

లీడెన్ నుంచి యోహాన్ హామ్ అనే వైద్య విద్యార్థి వచ్చాడు. స్టూడెంటే, మనలాగ. చేతిలో చిన్న గాజు సీసా, అందులో సుఖవ్యాధి ఉన్న ఒక రోగి నుంచి వచ్చిన వీర్యం. అందులో తోకలున్న బతికిన పురుగులు కనబడ్డాయనీ, రోగం వల్ల కుళ్ళి అవి పుట్టి ఉంటాయనీ హామ్ అనుకున్నాడు. టర్పెంటైన్ మందు తాగించాక అవి చచ్చిపోయాయని కూడా చెప్పాడు.

లీవెన్‌హుక్ చూశాడు, నిజమే. ఇక్కడ ఆయన బుర్ర చూడండి. రోగం వల్లే వచ్చాయా లేదా తేలాలంటే రోగం లేనివాడి దాంట్లో చూడాలి. మనం కంట్రోల్ శాంపిల్ అంటాం. రోగం లేనివాడు ఎవరు? తనే. అప్పటికి ఆయనకు నలభై ఐదేండ్లు, గౌరవంగల ఉద్యోగి, చర్చికి పోయే మనిషి. భార్యతో ఉన్న తర్వాత, గుండె ఆరుసార్లు కొట్టుకునే లోపు, కొద్దిగా తెచ్చి కటకం ముందు పెట్టాడు. ఇసుక రేణువంత చోటులో ఒక్కోసారి వెయ్యికి పైగా కదులుతున్నాయి. గుండ్రటి తల, దానికి ఐదారింతల పొడుగు తోక, నీళ్ళలో పాములాగ ఈత. రోగమూ లేదు, కుళ్ళూ లేదు. ఆరోగ్యవంతుడైన మగవాడిలో అవి ఉండడమే మామూలు అని తేలింది.

ఇందులో నన్ను ఆపేసిన విషయం ఇంకోటి. కొన్నేండ్ల ముందే రాయల్ సొసైటీ కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్ వీర్యాన్ని కూడా చూడమని ఆయన్ను అడిగాడు. ఆయన కొంచెం చూసి, ఏవో గుండ్రటి చుక్కలు అనుకుని, ఇక ఆ పని మీద మనసొప్పక, రాయడానికి అంతకన్నా ఒప్పక వదిలేశాడు. చెరువు నీళ్ళు, మిరియాల నీళ్ళు, చివరికి తన పళ్ళ మీది పాచి కూడా చూసిన మనిషి, దేనికీ వెనకాడని మనిషి, ఇక్కడ సిగ్గుతో ఆగిపోయాడు. ఒక కుర్ర విద్యార్థి సీసా పట్టుకుని గుమ్మంలోకి రాకపోతే ఇంకెన్నేండ్లు ఆగేవాడో.

తిరిగి చూసినప్పుడు కూడా ఆ సిగ్గు పోలేదు. నవంబర్‌లో సొసైటీ అధ్యక్షుడు బ్రౌంకర్‌కు ఉత్తరం రాస్తూ, తాను పాపపు పని చేసి ఇది తేలేదని, భార్యాభర్తల సంసారంలో మిగిలినదేనని వివరణ ఇచ్చుకున్నాడు. చదివేవాళ్ళకు రోత అనిపిస్తే, పండితులకు తప్పు అనిపిస్తే దాచెయ్యండి, అచ్చు వెయ్యకపోయినా ఏమనుకోనన్నాడు. వాళ్ళు దాచలేదు. కుక్కల్లో, గుర్రాల్లో కూడా చూడమని తిరిగి రాశారు. 1679లో ఆ ఉత్తరం అచ్చయింది, అదీ లాటిన్‌లో. మామూలు జనం చదవకుండా ఉంటారని కాబోలు.

మిర్యాలగూడలో మేం మొదటిసారి పోయిన రోజు అన్న ల్యాబు గుమ్మం దాకా వచ్చాడు. లోపల కౌంటరు దగ్గర అమ్మాయి చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి పక్క గది చూపించింది. అన్న డబ్బా జేబులో పెట్టుకుని రోడ్డు దాటి చాయ్ హోటల్లో కూచున్నాడు. రెండు చాయ్‌లు తాగి, పత్తి ఏరేటోళ్ళు ఎదురుచూస్తరు అని బండి తీశాడు. నేను ఏమనలేదు. దారి పొడుగునా ఇద్దరం పత్తి రేటు గురించే మాట్లాడుకున్నం.

మన ఊళ్ళలో ఒక లెక్క ఉంది. మగవాడు విత్తనం, ఆడది చెలక. మొలక రాకపోతే చెలకనే అంటరు, విత్తనం మొలిచేదేనా అని సంచి విప్పి చూడరు. పత్తి విత్తనాలు మొలవకపోతే మాత్రం డీలరు దుకాణం ముందు ధర్నా చేస్తరు, అది వేరే. పిల్లలు కాని ఆడామెకు గొడ్రాలు అని ఒక పేరు తయారుగా ఉంది. మగవాడికి ఆ మాటకు జోడు మాట లేదు. ఉన్నదల్లా మగతనం లేనోడు అనే తిట్టు, అదేమో వేరే విషయం. సంసారానికి ఏ ఇబ్బందీ లేని మగవాడిలో కూడా కణాలు తక్కువ ఉండొచ్చు, అసలే లేకపోవచ్చు, పైకి ఏ తేడా తెలియదు. ఈ రెండూ ఒకటే అనుకోబట్టే అన్న ఆ గదిలోకి పోలేకపోయాడు. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుందని డాక్టర్లు చెబుతారు.

విచిత్రం ఏమిటంటే ఈ విత్తనం-చెలక తప్పు లీవెన్‌హుక్ కూడా చేశాడు. ఆ కణాలను చూసిన మత్తులో, బిడ్డ మొత్తం అందులోనే ఉంటుందని, తల్లి గర్భం పెంచే నేల మాత్రమేనని నమ్మాడు. ఆయన్ను పరిచయం చేసిన డి గ్రాఫ్ ఏమో బిడ్డ తల్లి అండం నుంచే వస్తుందన్నాడు. రెండు పార్టీలు అయ్యాయి, నూరేండ్లు దాటి కొట్లాడుకున్నాయి. హార్ట్‌సోకర్ అనే ఆయన 1694లో కణం తలలో ముడుచుకుని కూచున్న బుల్లి మనిషి బొమ్మ గీశాడు. 1699లో ఇంకొకడు మారుపేరుతో, అట్లాంటి మనిషిని నిజంగానే చూశానని రాశాడు. ఇక్కడ మాత్రం మన బట్టల దుకాణపాయన నిలబడ్డాడు. బిడ్డ అందులో ఉంటుందని నమ్మినవాడే, నాకు అట్లాంటి బొమ్మ కనబడలేదు, అది కల్పన అని తేల్చి చెప్పాడు. క్షీరదాల అండాన్ని ఫాన్ బేర్ కనిపెట్టింది 1827లో. అండం, కణం రెండూ కలవడాన్ని ఆస్కర్ హెర్ట్‌విగ్ సముద్రపు జీవిలో చూసింది 1876లో. చెరిసగం అని తేలడానికి ఆ ఉత్తరం తర్వాత 199 ఏండ్లు పట్టింది.

లెక్కపెట్టే పిచ్చి సంగతి చెప్పాను కదా. 1679లో కాడ్ అనే చేప వీర్యంలో కణాలెన్ని అని అంచనా వేశాడు. ఇసుక రేణువంత భాగంలో ఎన్నో చూసి, మొత్తం పరిమాణంతో గుణించి, 15,000 కోట్లు అన్నాడు. ఆ అంకె ఎంత పెద్దదో చూపడానికి భూమ్మీద మనుషులెందరో కూడా లెక్కేశాడు. హాలెండ్‌లో పది లక్షల మంది, మనుషులు ఉండగలిగిన భూమి హాలెండ్‌కు 13,385 రెట్లు, అంతటా అంతే కిక్కిరిసి ఉంటే 1,338 కోట్ల 50 లక్షలు. అంటే ఒక చేపలో అంతకు పదకొండింతలు. మన ఎస్టిమేషన్ క్లాసులో ఈ ఉదాహరణ చెబితే ఎంత బాగుండు!

ఇప్పటి ల్యాబులో చేసేది కూడా మూలంలో ఇదే. గళ్ళు గీసిన గాజు పలక మీద బొట్టు పెట్టి, గళ్ళలో లెక్కపెట్టి, గుణిస్తారు. పిల్లలు కాని మగవాళ్ళ కణాలను ఇట్లా లెక్కపెట్టడం గురించి మకోంబర్, సాండర్స్ అనే అమెరికా డాక్టర్లు 1929లో రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో దీనికొక పద్ధతుల పుస్తకం వేసింది, ఆరో ముద్రణ 2021లో వచ్చింది. దాని ప్రకారం రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉన్నాక శాంపిల్ ఇవ్వాలి. అర్ధగంటసేపు పలచబడనిచ్చి, గంట దాటకుండా చూడాలి. ఆరు నాడి దెబ్బల తొందర ఎందుకో ఆయనకు అప్పుడే తెలిసింది. మిల్లీలీటరుకు కోటీ 60 లక్షలు, మొత్తం శాంపిల్‌లో 3 కోట్ల 90 లక్షలు, కదిలేవి నూటికి 42, సరైన ఆకారంలో ఉన్నవి నూటికి 4 అనేవి ఆ పుస్తకంలోని కింది హద్దులు. వీటిని పాస్ మార్కులు అనుకోవద్దు. ఏడాది లోపు తండ్రులైన మగవాళ్ళను వరసలో నిలబెడితే, కింది నుంచి నూటికి ఐదోవాడి దగ్గర ఉండే అంకెలు అవి. అంతకు తక్కువున్న ఐదుగురు కూడా తండ్రులైనవాళ్ళే కదా. ఒక్క రిపోర్టు చూసి ఎవరూ గుండె పగలగొట్టుకోనక్కర్లేదు. జ్వరం వచ్చినా రెండు మూడు నెలలు లెక్క పడిపోతుంది, కణం తయారు కావడానికే రెండున్నర నెలలు పడుతుంది.

వారం తర్వాత అన్న తనే ఫోన్ చేశాడు, రేపు పొద్దుగాల పోదాం అని. ఈసారి చాయ్ తాగలేదు. డబ్బా ఇచ్చి వచ్చి నా పక్కన బెంచీ మీద కూచున్నాడు, చెమటలు. అప్పుడే నేను ఫోన్లో ఈయన కథ చదువుతున్నది. సగం సగం చెప్పాను. మూడువందల యాభై ఏండ్ల కింద ఒకాయన తనది తనే చూసుకున్నడు, చూసి ఉత్తరం రాసిండు అంటే, అన్న, పెండ్లాం ఏమనలేదా అని అడిగాడు. కొర్నీలియా ఏమందో ఎక్కడా రాసి లేదు. లోపల టెక్నీషియన్‌ను బతిమాలితే అన్నను పిలిచి సూక్ష్మదర్శినిలో చూడనిచ్చాడు. అన్న చాలాసేపు కన్ను తియ్యలేదు. లేచాక, ఉన్నయ్‌రా అన్నాడు, అంతే.

లీవెన్‌హుక్‌ను 1680లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నుకుంది. ఆ పీట మీద కూచోడానికి ఆయన లండన్ ఎన్నడూ పోలేదు. 1698లో రష్యా చక్రవర్తి పీటర్ డెల్ఫ్ట్ వచ్చినప్పుడు పడవలో కలిసి ఈల్ చేప తోకలో రక్తం పారడం చూపించాడు. రెండో భార్య 1694లోనే పోయింది. మరియా పెళ్ళి చేసుకోకుండా తండ్రిని చూసుకుంది. చివర్లో ఛాతీ కింద కండరం దానంతటదే కొట్టుకునే అరుదైన జబ్బు వచ్చింది. డాక్టర్లు గుండె జబ్బన్నారు. ఆయన ఒప్పుకోలేదు, అది ఎట్లా కొట్టుకుంటున్నదో గమనించి ఆ స్థితిలోనూ లండన్‌కు రాయించి పంపాడు. ఇప్పుడు ఆ జబ్బుకు ఆయన పేరే ఉంది. 1723 ఆగస్టు 26న, తొంభై ఏండ్ల వయసులో చనిపోయాడు. 26 వెండి సూక్ష్మదర్శినులు సొసైటీకి రాసిపెట్టి పోతే, తర్వాతి కాలంలో అవి ఎక్కడో పోగొట్టుకున్నారు. మరియా కూడా పోయాక, 1747లో మిగిలినవన్నీ వేలం వేశారు.

అన్న రిపోర్టులో లెక్క సరిపోను ఉంది, కదలిక తక్కువ ఉంది. డాక్టర్ గుట్కా బంద్ చెయ్యమని, మూడు నెలల తర్వాత మళ్ళీ టెస్టు చేయించమని చెప్పాడు. ఇది రాస్తానంటే పేరు పెట్టకు అన్నాడు, పెట్టలేదు. కాగితాన్ని వదిన ఏం మాట్లాడకుండా తీసుకుని ఆ కవర్లో పెట్టింది. రెండో టెస్టు సంక్రాంతి తర్వాత. దానికి వాళ్ళిద్దరే పోతరట, నన్ను రావద్దన్నారు.